ఎత్తుకున్నవాళ్లు పెట్టే పేరు

పటాన్‌చెరులో మా ఇంటి పై పోర్షన్ కిరాయికి చూడ్డానికి వచ్చిన రోజు ఆ టీచరమ్మ మొదట అడిగింది నీళ్ల గురించి కాదు, అడ్వాన్సు గురించీ కాదు. నా పేరు అడిగారు. చెప్పాను. గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డ మనిషి నా ముఖంలోకి చూసి, "మీకు ముందు ఎంతమంది పోయారండీ?" అన్నారు.

పరిచయం లేని ఇంటి ముందు నిలబడి, ఇంటామెను చనిపోయినవాళ్ల సంగతి అడిగే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. జవాబు చెప్పలేదు. తాళంచెవి తెచ్చి పైకి దారి చూపించాను. ఇల్లు ఇవ్వకూడదనే అనుకున్నాను గానీ, మా ఆయన అప్పటికే ఫోనులో మాట ఇచ్చేశాడు. కోస్తా వైపు మనిషి, రిటైరైంది, ఒక్కతే ఉంటుంది, చదువు చెప్పిన మనిషి కాబట్టి చప్పుడు ఉండదు అన్నాడు. చప్పుడు లేని మాట నిజమే. ఆ ప్రశ్న మాత్రం మెట్ల దగ్గర నాకు రోజూ ఎదురవుతూనే ఉండేది.

నా పేరు ఇక్కడ రాయను. సంగారెడ్డి జిల్లాలో పుట్టినవాళ్లకు రాయనక్కర్లేదు కూడా. ముందు పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, తరువాత పుట్టిన బిడ్డను చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. వేరే ఇంటి ఆడమనిషి వచ్చి ఎత్తుకునేది. కన్నతల్లి ఇంత తవుడు ఆమె కొంగులో పోసి బిడ్డను కొనుక్కునేది. అలా కొనుక్కున్న బిడ్డకు ఆ కుప్ప పేరే పెట్టేవారు. మగపిల్లవాడైతే చివర అయ్య, ఆడపిల్లయితే అమ్మ. ఎవరో పారేసిన వస్తువు అనుకొని చావు దాని జోలికి రాదని నమ్మకం. నేను బతికాను. నాతోపాటు పేరు కూడా బతికింది.

బడిలో హాజరు పిలిచేటప్పుడు నా వంతు రాగానే వెనక వరుసలో ముక్కులు మూసుకునేవారు. వాళ్లలో ఒకామె ఇప్పుడు కంది ఊరి దగ్గర రోడ్డు పక్కన మిర్చీ బజ్జీల బండి పెట్టుకుంది. బస్సు అక్కడ ఎంతసేపు ఆగినా నేను దిగను. పెళ్లప్పుడు అత్తగారి తరఫువాళ్లు నన్నడగకుండా పత్రికలో వేరే పేరు అచ్చు వేయించారు. చుట్టాలంతా ఆ పేరు చదువుకొని వచ్చారు. ఎవరి పెళ్లిలోనో నన్ను పీటల మీద కూర్చోబెట్టినట్టు ఉంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసిన రోజుల్లో భద్రతా వారోత్సవాల బహుమతి నాకు వచ్చింది. పేర్లు చదువుతున్న ఆఫీసరు నా పేరు దగ్గర ఆగి, మైకు పక్కకు తిప్పి, "ఇంకో పేరేమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన మైకులో "ప్యాకింగ్ సెక్షన్ నుంచి ఒక సోదరి" అని చదివాడు. ఇచ్చిన స్టీలు టిఫిన్ డబ్బాల మీద అందరికీ పేర్లు చెక్కించారు. నా డబ్బా మీద సెక్షన్ పేరు ఉంది. ఆ డబ్బాలో నేను ఎన్నడూ అన్నం పెట్టుకోలేదు. పారేయలేదు కూడా.

మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు స్నేహితురాళ్లను ఇంటికి తీసుకొచ్చింది. వాళ్లను ముందు గదిలో కూర్చోబెట్టి, వంటింట్లోకి వచ్చి, ఎవరైనా పేరు అడిగితే చెప్పొద్దని నా చెవిలో అంది. కన్నకూతురి మాట పట్టించుకుంటారా అని మా ఆయన అంటాడు. కన్నకూతురు కాబట్టే పట్టించుకున్నాను.

పేరు మార్చుకోమని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. ఒక అఫిడవిట్, ఒక పేపరు ప్రకటన, అంతే అన్నారు. తప్పు వాళ్లది, ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది నేనా? మార్చుకోలేదు. అసలు కోపం మా అవ్వ మీద, అంటే మా అమ్మ మీద. కర్దనూరులో ఉంటుంది. మా నాన్న పోయాక కూడా ఊరు వదల్లేదు. ఆమెను ఈ విషయం నేను ఎన్నడూ అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒక కారణం చెబుతుంది, కారణం విన్నాక కోపం తగ్గించుకోవాల్సి వస్తుంది.

టీచరమ్మ నన్ను పిలిచినప్పుడల్లా ఆ పేరును పూర్తిగా పలికి చివర "గారు" చేర్చేవారు. నా పేరుకు అంతవరకు ఎవరూ గారు తగిలించలేదు. మొదట్లో వెక్కిరింపే అనుకున్నాను. దానికి తోడు మోటారు వేసి మరచిపోయేవారు. ట్యాంకు నిండి, ఆ నీళ్లు కింద నేను ఆరేసిన బట్టల మీద పడేవి. ఒకరోజు ఆ బట్టలు పిండుకుంటూనే పైకి వెళ్లాను.

ఆమె బల్ల ముందు కూర్చొని ఒక పెద్ద పుస్తకంలో వేలు పెట్టి చదువుతున్నారు. వేలు కుడి నుంచి ఎడమకు జరుగుతోంది. నన్ను చూసి లేచి, మోటారు తప్పు తనదేనని ముందే ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మనిషితో గొడవ పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. తడి బట్ట భుజం మీద వేసుకొని, ఏం చదువుతున్నారని అడిగాను. హెబ్రీ అన్నారు. పాస్టర్లు కాబోయే వాళ్లకు ఒక వేదాంత కళాశాలలో ఏళ్ల తరబడి ఆ భాష నేర్పారట. ఆ పేజీ నిండా ఉన్నవి పేర్లట, ఫలానావాడి కొడుకు ఫలానావాడని.

"పేర్లు సదువుడు గూడ ఒక సదువేనా టీచరమ్మా?" అన్నాను.

"ఇవి వట్టి పేర్లు కావండీ. ఒక్కోటి ఒక్కో ఇంట్లో జరిగిన సంగతి. కూర్చోండి, చెప్తాను."

ఆ రోజు లేయా గురించి చెప్పారు. భర్తకు ఆమె మీద మనసు లేదు, ఆమె చెల్లెలి మీద ఉంది. మొదటి కొడుకు పుట్టగానే రూబేను అని పెట్టింది. ఇదిగో చూడు, కొడుకు, అని అర్థం. భర్త చూడలేదు. రెండోవాడికి షిమ్యోను అని పెట్టింది. వినడం అని అర్థం. తనను పట్టించుకోవడం లేదన్న మాట దేవుడైనా విన్నాడని. మూడోవాడు లేవి. కలిసి ఉండడం. ఇకనైనా ఆయన తనతో ఉంటాడని ఆశ.

నేను తడి బట్ట సంగతి మరచిపోయాను. ఆ ఇంట్లో ఆమె పిల్లల్ని అన్నానికి పిలిచినప్పుడల్లా తన ఫిర్యాదు వాడంతా వినబడి ఉంటుందన్నాను. చూడు, విను, కలువు అని గుమ్మంలో నిలబడి కేకేస్తుంటే భర్త ఎక్కడికి పోతాడు, రోజూ విని తీరాల్సిందే. టీచరమ్మ కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఆ సంగతి తనకు తట్టలేదన్నారు. అలా ఒప్పుకునే చదువుకున్నవాళ్లను నేను తక్కువగా చూశాను. అప్పటినుంచి ఆమె మీద కోపం ఉంచుకోవడం కొంచెం కష్టమైంది, కానీ ఉంచుకున్నాను.

నాలుగో కొడుకు యూదా. స్తుతి అని అర్థం. అప్పటికి భర్త మారాడా అని అడిగాను. మారలేదట. మరి స్తుతి ఎందుకు? అది రాయలేదు అన్నారు. నాకు ఇది నచ్చలేదు. కిందికి వచ్చి వంట చేస్తూ ఆలోచించి, మరునాడు మళ్లీ వెళ్లి, ఆమె అలసిపోయి ఉంటుంది, మొగుడి మీద ఫిర్యాదు చేసి చేసి నోరు నొచ్చి ఉంటుంది అన్నాను. టీచరమ్మ ఒప్పుకోలేదు. నాలుగో బిడ్డను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె భర్త వైపు చూడటం మానేసి బిడ్డ వైపు చూసి ఉంటుందన్నారు. మా వాదన తెగలేదు. ఇప్పటికీ తెగలేదు.

ఆ పేర్లంటే నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పడం కష్టం. ఇక్కడ ఇప్పుడు పిల్లలకు పేర్లు ఫోనులో వెతికి పెడుతున్నారు, పలికితే బాగుంటే చాలు. ఆ పాత జనం అలా కాదు. ఆకలి వచ్చినా, గెలిచినా, ఓడినా, ఇంట్లో చిన్నచూపు చూసినా ఆ సంగతిని తీసి బిడ్డ మీద పెట్టారు. ఎవరూ మరచిపోకుండా. యాకోబు పుడుతూ అన్న మడమ పట్టుకున్నాడని ఆ పేరు పెట్టారు. పెద్దయ్యాక దేవునితో పెనుగులాడితే ఇశ్రాయేలు అయ్యాడు. పేరు మారింది గానీ ఆ పెనుగులాటలో వచ్చిన కుంటు పోలేదు. ఒకామె దారిలో ప్రసవించి, ప్రాణం పోతూ, నా దుఃఖపు కొడుకు అని బెనోని అన్నది. తండ్రి వెంటనే బెన్యామీను అని మార్చాడు, కుడిచేతి కొడుకు అని. చచ్చిపోయే మనిషి చివరి మాటను మార్చే అధికారం అతనికి ఎవరిచ్చారని నేను గట్టిగానే అడిగాను. టీచరమ్మ పుస్తకం నా వైపు తిప్పారు. రెండు పేర్లూ పక్కపక్కనే రాసి ఉన్నాయి, రాసినవాళ్లు మొదటిదాన్ని కొట్టేయలేదు, చూడండి అన్నారు.

అందరికంటే నాకు నచ్చింది నయోమి. మధురం అని ఆమె పేరు. భర్త పోయి, ఇద్దరు కొడుకులూ పోయి సొంత ఊరికి తిరిగొస్తే, ఆడవాళ్లు నయోమియేనా అని గుమిగూడారు. ఆ పేరుతో పిలవొద్దు, నన్ను మారా అనండి, అంటే చేదు అనండి అన్నది. ఊరి మధ్యలో నిలబడి తన బాధను తనే పేరుగా చేసుకున్న మనిషి. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. ఆ తరువాత ఏం జరిగిందంటే, ఊళ్లో ఒక్కరు కూడా ఆమెను మారా అనలేదట. కథ చివరిదాకా నయోమి అనే ఉందట. ఇది అన్యాయం అన్నాను. నోరు తెరిచి అడిగిన ఒక్క కోరికా తీర్చలేదు కదా. టీచరమ్మ చాలా మెల్లిగా, "అలా పిలవడానికి వాళ్లకు మనసు రాలేదేమోనండీ" అన్నారు.

ఆమె చెప్పే తీరు నాకు ఇష్టం. ముందు ఆ భాషలో పేరును ఒకసారి మెల్లిగా పలికి, ఒక క్షణం ఆగి, తెలుగులో అర్థం చెప్పేవారు. ఎదుటివాళ్ల బిడ్డను చేతుల్లోకి తీసుకొని మళ్లీ ఇచ్చేటప్పుడు ఉండే జాగ్రత్త ఆ గొంతులో ఉండేది. ఒక్క పేరును కూడా ఆమె గబగబా పలకగా నేను వినలేదు. నా పేరు సహా.

ఇలా ఉండగా మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది.

అమ్మాయి, అల్లుడు తెల్లాపూర్‌లో ఎత్తయిన టవర్లలో ఉంటారు, ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్. మొదటి కాన్పులో ఏడో నెలలోనే బిడ్డ పోయింది. రెండోసారి పుట్టిన బాబు నాలుగు రోజులు కూడా లేడు. ఈ పాప కూడా నెలలు నిండకుండానే పుట్టి, చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉండి ఇంటికి వచ్చింది. డాక్టర్లు ఇక భయం లేదన్నారు. అమ్మాయి నమ్మలేదు. పాపను కింద పడుకోబెట్టదు, ఎవరి చేతికీ ఇవ్వదు. తినేటప్పుడు కూడా ఒక చెయ్యి పాప కడుపు మీదే. ఊపిరి ఆడుతుందో లేదో చూసుకుంటూ కూర్చుంటుంది. తను నిద్రపోయి ఎన్నాళ్లయిందో అల్లుడికే తెలియదు. పాపకు పేరు కూడా పెట్టనివ్వడం లేదు.

ఒకరోజు తనే ఫోను చేసింది.

"అమ్మా, అమ్మమ్మను తీస్కొని రా. నీకు చేసినట్టు చెయ్యుమను."

"ఏం చేసినట్టు?"

"చాటల ఏసి చేస్తరు గద. గది."

"కుప్ప మీద పండవెట్టి, గా పేరు పెట్టుమంటున్నవా?"

"పెట్టు. నువ్వు బతికినవ్ గద."

ఫోను పెట్టేశాను. ఎనిమిదో తరగతిలో నా పేరు దాచమన్న పిల్ల ఇప్పుడు ఆ పేరే కావాలంటోంది. నేను మోసింది చాలదని నా మనవరాలు కూడా మోయాలా? ఇంకో బడి, ఇంకో మైకు, ఇంకో పెళ్లి పత్రిక. రాను అని అల్లుడితో చెప్పించాను. సాయంత్రం అల్లుడే వచ్చాడు. అలాంటివి నమ్మే మనిషి కాదు అతను. సోఫా అంచున కూర్చొని, "అత్తమ్మా, అది అయ్యేదాంక పాపను కింద వెట్టనంటున్నది. ఇట్లయితే నాకు పాపకన్న ముందు ఆమె గురించే భయమైతున్నది" అన్నాడు. ఛాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నేను పైకి వెళ్లాను. చదువుకున్న మనిషి, పైగా చర్చి మనిషి, ఇదంతా మూఢనమ్మకమని ఒక్క మాట అంటే చాలు, ఆ మాట తీసుకెళ్లి కూతురి ముందు పెడదామనుకున్నాను. అంతా చెప్పాను.  పారిశ్రామికవాడ వైపు నుంచి సాయంత్రం మందుల వాసన మొదలైంది. టీచరమ్మ లేచి కిటికీ మూసి వచ్చి కూర్చున్నారు.

"మోషే పేరు మీకెప్పుడూ చెప్పలేదు కదండీ."

చెప్పలేదన్నాను.

మగపిల్లలు పుడితే చంపేయమని రాజు ఆజ్ఞ వేసిన రోజుల్లో ఒకామెకు కొడుకు పుట్టాడట. దాచినన్నాళ్లు దాచి, ఇక దాచలేక, జమ్ముబుట్టకు తారు పూసి, బిడ్డను అందులో పడుకోబెట్టి ఏటి ఒడ్డున రెల్లులో పెట్టిందట. తనది కానట్టు. స్నానానికి వచ్చిన రాజు కూతురు చూసి ఎత్తుకుంది. బిడ్డకు పాలివ్వడానికి ఒక ఆడమనిషి కావాలంటే, కన్నతల్లినే పిలుచుకొచ్చారు. అలా ఆమె బిడ్డ మళ్లీ ఆమె ఒడిలోకే వచ్చాడు.

"మోషే అంటే బయటికి తీయడం. నీళ్లలోంచి తీశాను కాబట్టి అని ఆ రాజు కూతురే పెట్టింది. కన్నతల్లి పెట్టిన పేరు ఏమిటో ఎక్కడా లేదు. ఎత్తుకున్నావిడ పెట్టిన పేరే నిలిచింది. పెద్దవాడై అంత జనాన్ని నడిపించినప్పుడు కూడా ఆయన్ను ఆ పేరుతోనే పిలిచారు, అంటే పారేసిన చోటు నుంచి తీసినవాడా అనే."

 మనసులో ఇన్నాళ్లు ఉంచుకున్నది అప్పుడే బయటపెట్టాను. మొదటి రోజు గేటు దగ్గర మీరు అడిగింది తప్పు, అలా ఎవరూ అడగరు అన్నాను.

"తప్పే అయ్యుండొచ్చండీ. ఆ పేరు వినగానే నాకు మీరు కనబడలేదు. మీ అమ్మగారు కనబడ్డారు." కొంచెం ఆగి, "మీరు ఇంకా జవాబు చెప్పలేదు" అన్నారు.

"ముగ్గురు" అన్నాను.

"వాళ్ల పేర్లు?"

నాకు తెలియదు. ఆ ముగ్గురికీ పేర్లు ఉండి ఉంటాయన్న ఆలోచనే నాకు ఎన్నడూ రాలేదు. మరునాడు కర్దనూరు వెళ్లాను.

మా అవ్వ ఇంటి ముందు కూర్చొని చింతపండు గింజ తీస్తోంది. పక్కన కూర్చొని నేనూ గింజ తీస్తూ అడిగాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"పేర్లు ఏడియి బిడ్డా? ఇరవయ్యొక్క దినాలైతె గద తొట్టెల్లేసి పేరు వెట్టేది. అందాంక ఒక్కలన్న ఉన్నరా? నలుగుర్ల పేరు దాంక వచ్చింది నువ్వొక్కదానివే."

తరువాత తనే చెప్పింది. చేటలో నన్ను పడుకోబెట్టి వెనక్కి తిరగాలట. నాది కాదు అని మూడుసార్లు గట్టిగా, చావుకు వినబడేలా అనాలట. తిరిగి చూడొద్దట. రెండుసార్లు అన్నదట. మూడోసారి నోరు రాలేదట. మా నాయనమ్మ వీపు మీద ఒకటి చరిచిందట. అప్పుడు అన్నదట. "గట్లంటె నువ్వు నిజంగనే నాది కాకుండ పోతవేమోనని భయమయ్యింది" అంది. అని, దోసిట్లోని గింజలు పక్కన పోసి, "పిల్ల రమ్మంటె నువ్వెందుకు పోతలేవ్? మనోళ్లు గాని మనిషి ఎత్తుకోవాలె, ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది.

ఉన్నారు అన్నాను.

టీచరమ్మను అడగడానికి నేను కొంచెం జంకాను. ఆమె మాత్రం, మీ పద్ధతి మీరు చేసుకోండి, నా ప్రార్థన నేను చేసుకుంటాను, పసిబిడ్డను ఎత్తుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు అన్నారు. ముగ్గురం అల్లుడి కారులో తెల్లాపూర్ వెళ్లాము. మా అవ్వ వెదురు చేటను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. తవుడు ప్లాస్టిక్ కవర్లో తెచ్చింది, అది దారిలో చిరిగింది. నేను అనుమానం ఉండి ఆ బహుమతి స్టీలు డబ్బా సంచిలో వేసుకొచ్చాను. అందులోకి ఎత్తాను. మా అమ్మాయి ఎందుకైనా మంచిదని ఫోనులో ఓట్స్ తవుడు తెప్పించి పెట్టింది. మా అవ్వ ఆ ఓట్స్ ప్యాకెట్టు విప్పి వాసన చూసి, "ఇదేం తవుడే, బర్రె గూడ ముట్టది" అని పక్కన పెట్టింది.

అసలు సమస్య కుప్ప. అక్కడ కుప్ప అనేదే లేదు. పొద్దున్నే చెత్తంతా ఎత్తుకుపోతారు. కింద సెల్లారులో మూతలు పెట్టిన డబ్బాలు, పచ్చదొకటి, నీలందొకటి, కడిగి వరుసగా ఉన్నాయి. మా అవ్వ వాటి మధ్య నిలబడి, "గింత సాఫ్‌గ ఉంటె ఎట్లనే" అంది. అంతలో సెక్యూరిటీ సూపర్‌వైజరు వచ్చాడు. నాకు అతను తెలుసు. నేను మొదటిసారి వచ్చినప్పుడు "ఏ ఫ్లాట్ల పని?" అని అడిగి నన్ను పనివాళ్ల లిఫ్టు వైపు పంపిన మనిషి. అప్పుడే అసోసియేషన్‌కు ఫిర్యాదు రాయించాను. అతనూ నన్ను మరచిపోలేదని నడకలోనే తెలిసింది.

"మేడం, బేబీని ఈడ వెట్టుడేంది? కెమెరాల వడ్తది. నన్నడుగుతరు."

నేను నోరు తెరిచేలోపు మా అవ్వ అతని చెయ్యి పట్టుకొని అడిగింది. "మీ అపార్టుమెంట్ల పెంటకుప్ప ఏడుంది కొడుకా?"

అతను చేటను చూశాడు, తల్లి చేతుల్లో పాపను చూశాడు. ముఖం మారిపోయింది. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మా పెద్దనాయినకు గూడ గిట్లనే చేసిన్రట. ఆయన పేరు గూడ గదే." కొంచెం ఆలోచించి, "గార్డెన్ ఎనుక కంపోస్టు కుప్ప ఉన్నది. నడుస్తదా?" అన్నాడు.

"ఆవు పెంట ఉన్నదా అండ్ల?"

"ఉన్నది. బస్తాలల్ల కొనుక్కొస్తరు."

"పెంట గూడ కొంటున్రా?" అని మా అవ్వ ఆశ్చర్యపడుతూ అతని వెనక నడిచింది.

క్లబ్‌హౌస్ వెనక గోడ వారన ఎండుటాకులు, కత్తిరించిన గడ్డి, పేడ కలిపిన కుప్ప అది. సూపర్‌వైజరు దాని మీద మెత్తటి గడ్డి పరిచి, దూరంగా వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. మా అమ్మాయి పాపను చేటలోకి దించడానికి చాలాసేపు పట్టింది. చేతులు వదలడం లేదు. చివరికి వదిలింది. వెనక్కి తిరిగింది. ఒకసారి అంది. రెండోసారి అంది. మూడోసారి పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. మా అవ్వ చరవలేదు. వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. "అను బిడ్డా. నేను గూడ అన్న" అంది. మా అమ్మాయి, "నాది కాదు" అంది.

టీచరమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా కుప్ప పక్కన మోకాళ్ల మీద కూర్చొని, ఏదో ఆ భాషలో పెదవుల్లోనే అనుకొని, పాపను తల కింద చెయ్యి పెట్టి మెల్లిగా ఎత్తుకున్నారు. మా అమ్మాయి ఇటు తిరిగి స్టీలు డబ్బాలోని తవుడు ఆమె కొంగులో పోసింది. పాపను తీసుకుంది. తీసుకున్నప్పటి ఆమె ముఖం నేను వర్ణించలేను.

"ఏం పేరు వెడ్తవ్ టీచరమ్మా? ఎత్తుకున్నోళ్లే పెట్టాలె" అంది మా అవ్వ.

టీచరమ్మ నా వైపు తిరిగి, నా పేరు పూర్తిగా పలికి, గారు చేర్చి, "ఆ హక్కు నాదైతే నేను మీకు ఇచ్చేస్తున్నానండీ. మీరు పెట్టండి" అన్నారు.

టీచరమ్మతో పెట్టిద్దామని నేను ఒక పేరు ఏరి పెట్టుకొనే వచ్చాను. మంచి పేరు. ఏ మైకులోనైనా ఆగకుండా చదవొచ్చు. దాని అర్థం కూడా టీచరమ్మ దగ్గర సరిచూసుకున్నాను. పాప చెవి దగ్గరికి వంగాను. ఆ చెవి తామర గింజంత ఉంది. పేరు దాకా రాని ముగ్గురు గుర్తుకొచ్చారు, మా అమ్మాయి పోగొట్టుకున్న ఇద్దరూ గుర్తుకొచ్చారు. ఏరుకున్న పేరు నాలుక మీదికి రాలేదు. వేరేది చెప్పాను.

"గట్టిగ చెప్పు అమ్మా. నాకు ఇనవడాలె" అంది మా అమ్మాయి.

గట్టిగా చెప్పాను. సూపర్‌వైజరుకు కూడా వినబడింది. ఇక్కడ రాయను.

జనన ధ్రువపత్రంలో అల్లుడు ఇష్టపడ్డ పేరు రాయించుకుంటారు, దానికి నాకు అభ్యంతరం లేదు. రెండూ పక్కపక్కన ఉండొచ్చు. పైకి వెళ్లాక మా అమ్మాయి పాపను మంచం మీద పడుకోబెట్టి, పక్కన కూర్చొని, చెయ్యి తీసేసింది. తరువాత తలగడ కూడా లేకుండా ఒరిగి నిద్రపోయింది. అల్లుడు గది తలుపు దగ్గరే నిలబడి, లోపలికి వెళ్లాలో వద్దో తెలియక, మమ్మల్ని చూశాడు. మా అవ్వ హాల్లో నేల మీద కాళ్లు చాపుకుంది. నేను డబ్బా కడిగి తెచ్చాను. దాని మీద సెక్షన్ పేరు అలాగే ఉంది, ఆ ఆఫీసరును నేను క్షమించలేదు. అందులో అన్నం కలుపుకొని తిన్నాను.

తింటూ ఉండగా లోపల పాప ఏడ్చింది. మా అమ్మాయి కదల్లేదు, అంత నిద్ర. టీచరమ్మ మోకాళ్లు పట్టుకొని లేచి, గుమ్మం దగ్గరికి వెళ్లి, పాప పేరును మెల్లిగా, పూర్తిగా పలికి, చివర గారు కూడా చేర్చి, ఏడవకండి అన్నారు.

నేను కూడా తల తిప్పాను.